పిల్లలతో కలిసి కుట్టుపని: మొదటి కుట్టు నుంచి మొదటి సంచీ దాకా

పిల్లలకు కుట్టు నేర్పడానికి మీకు బాగా కుట్టడం వచ్చి ఉండాల్సిన పనేం లేదు. సూదిలో దారం ఎక్కించడం, ముడి వేయడం, ఊడిన బొత్తాం కుట్టుకోవడం వస్తే చాలు, మిగతాది ఇద్దరూ కలిసి నేర్చుకోవచ్చు. ఇంకొకటి మాత్రం తప్పకుండా కావాలి, అది కాస్త కష్టం కూడా: వాళ్లు కుడుతుంటే మధ్యలో చేయి పెట్టకుండా కూర్చోవడం.

నేనిది ఆలస్యంగా తెలుసుకున్నాను. మా అమ్మాయి ఆరేళ్లప్పుడు ఫెల్ట్ గుడ్డతో చిన్న చేప కుట్టింది. ఒక కుట్టు ఇంత పొడుగు, పక్కది అంత పొట్టి, తోక దగ్గర దూది బయటికి కనిపిస్తోంది. తను పడుకున్నాక ఆ తోక దగ్గర నాలుగు కుట్లు విప్పి చక్కగా కుట్టి పెట్టాను, సంతోషపడుతుందనే అనుకున్నాను. పొద్దున లేచి చేపను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నేను కుట్టింది కాదు" అని పక్కన పెట్టేసింది. మళ్లీ సూది పట్టడానికి చాలా రోజులు పట్టింది. అప్పటినుంచి మా ఇంట్లో తను కుట్టిన కుట్టు నేను విప్పను. విప్పాలనుకుంటే తనే విప్పుకుంటుంది, ఎలాగో అడిగితే చెప్తాను. కింద రాసినవన్నీ ఈ పద్ధతికి సరిపోయే పనులే, అంటే కుట్లు వంకరగా పడ్డా వస్తువు పనికొస్తుంది.

సూది, దారం, గుడ్డ

పిల్లల చేయి చిన్నది కదా అని చాలామంది చిన్న సూది ఇస్తారు. నిజానికి చిన్న వేళ్లకు లావు సూది మీదే పట్టు దొరుకుతుంది. మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉండే ట్యాపెస్ట్రీ సూదులు అడిగి తీసుకోండి, ప్యాకెట్ మీద 18 నుంచి 22 వరకు ఏ నంబరున్నా ఫరవాలేదు. చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, కాబట్టి 18 లావుది, 22 సన్నది. ఇవి గోనె గుడ్డలాంటి వదులు నేతలో సులువుగా దిగుతాయి, దగ్గర నేత ఉన్న కాటన్‌లో మాత్రం దిగవు. పిల్లలు కాటన్ గుడ్డ దాకా వచ్చేసరికి ఆరేడేళ్లు వస్తాయి, అప్పుడు బెజ్జం పెద్దగా ఉండి మొన పదునుగా ఉన్న ఎంబ్రాయిడరీ సూది ఇవ్వొచ్చు.

దారం పొడుగ్గా తీస్తే మళ్లీ మళ్లీ ఎక్కించే పని తప్పుతుందని మనకు అనిపిస్తుంది, కానీ చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. కుట్టేటప్పుడు సూది వేళ్ల మధ్య కొంచెం కొంచెంగా తిరుగుతూ ఉంటుంది, దాంతోపాటు దారం కూడా మెలిపడుతుంది, పొడుగు దారంలో ఆ మెలికలన్నీ పోగై ముడిపడతాయి. సూదిలోంచి గుడ్డ దాకా ఉండే దారం పిల్లవాడు చేయి బారుగా సాచితే అందేటంత ఉంటే చాలు, 40 నుంచి 45 సెంటీమీటర్లు. మధ్యలో మెలిపడితే గుడ్డను పైకెత్తి సూదిని కిందికి వేలాడదీయమనండి, అదే గిరగిరా తిరిగి మెలిక విప్పుకుంటుంది. ఇది చూడటం పిల్లలకు ఎంత ఇష్టమంటే మా అమ్మాయి మెలిక పడకపోయినా వేలాడదీసేది.

ఎంబ్రాయిడరీ దారంలో 6 పోగులుంటాయి. గోనె గుడ్డకు ఆరూ కలిపే వాడండి, ఫెల్ట్‌కు 3 పోగులు బాగుంటాయి. పోగులు విడదీసేటప్పుడు మూడూ ఒకేసారి లాగితే మిగతావి ఉండ చుట్టుకుంటాయి. ఒక్కొక్క పోగునే నిటారుగా పైకి లాగి, తర్వాత మూడూ కలిపి పెట్టుకోవాలి.

సూదిలోంచి దారం జారిపోవడం మొదట్లో పిల్లలను బాగా విసిగిస్తుంది. ప్రతి రెండు కుట్లకూ "అమ్మా, ఊడిపోయింది" అని లేచి వస్తుంటారు. దారాన్ని రెండు పేటలుగా ఎక్కించి రెండు కొసలూ కలిపి ఒకే ముడి వేస్తే ఇక ఊడే ప్రసక్తే లేదు. తప్పు కుట్టు పడితే వెనక్కి తీయడం మాత్రం ముందే నేర్పాలి: సూదిని వచ్చిన రంధ్రంలోంచే, బెజ్జం వైపు ముందుగా పెట్టి వెనక్కి తోయాలి. మొనతో తోస్తే పక్క పోగులోకి గుచ్చుకుని దారం ఇంకా చిక్కుపడుతుంది.

మొదటి గుడ్డ ఫెల్ట్ అయితే మేలు. మామూలు గుడ్డ నేసింది కాబట్టి కత్తిరించిన చోట పోగులు ఊడిపోతాయి, ఫెల్ట్‌లో నేత లేదు, నారలన్నీ ఒత్తిడికి ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి, అందుకే అంచు మడవాల్సిన పనిలేదు. రెండు ముక్కలు కదలకుండా పట్టి ఉంచడానికి గుండుసూదుల బదులు బట్టలు ఆరేసే క్లిప్పులు పెట్టండి, వేళ్లకు గుచ్చుకునే భయం ఉండదు.

కూర్చోవడం గురించి కూడా కొంచెం చెప్పాలి. మీదీ పిల్లలదీ ఒకే చేతివాటం అయితే పక్కపక్కన కూర్చోండి. మీది కుడిచేతి వాటం, వాళ్లది ఎడమచేతి వాటం అయితే ఎదురెదురుగా కూర్చోండి, అప్పుడు మీ చేయి వాళ్లకు అద్దంలో చేయిలా కనిపిస్తుంది, ఉన్నదున్నట్టు చూసి చేసేస్తారు. ఒళ్లో పెట్టుకుని కుట్టనివ్వకండి, కుట్టేదాన్ని వేసుకున్న గౌనుతో కలిపి కుట్టేసుకుంటారు, టేబుల్ మీదో నేలమీద పీట మీదో పెట్టి కుట్టమనండి. సూది చేతిలో ఉంటే లేచి నడవకూడదని మొదటి రోజే చెప్పి, మీరూ అలాగే పాటించండి. మొదలుపెట్టే ముందు ఎన్ని సూదులు తీశారో వాళ్లతోనే లెక్కపెట్టించి, అయిపోయాక మళ్లీ లెక్కపెట్టించండి. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే బొత్తాలు, పూసలు వాళ్లకు అందనంత ఎత్తులో ఉండాలి, ఇవి గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి ఇందులో మొహమాటం వద్దు.

అట్టతో మొదలుపెట్టండి

మూడు నాలుగేళ్ల వాళ్లకు సూది అక్కర్లేదు. గట్టి అట్ట మీద ఒక ఇల్లో, పిట్టో, కారో వాళ్లనే గీయమని, ఆ గీత వెంట 2 సెంటీమీటర్లకు ఒక రంధ్రం చొప్పున మీరు వేసివ్వండి. బూటు లేసు కొసకు గట్టి ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి అదే సూదిలా పనిచేస్తుంది. ఊలు దారం వాడితే కొసకు 3 సెంటీమీటర్ల మేర టేపు గట్టిగా చుట్టండి. లేసు ఇంకో కొసకు లావు ముడి వేసి, పై నుంచి కిందికి, కింద నుంచి పైకి అంటూ వాళ్లతో పాటు మీరూ అనండి. ఒకసారి పూర్తయ్యాక లేసు తీసేసి మళ్లీ కుట్టుకోవచ్చు, కొందరు పిల్లలు ఒకే అట్టను వారం రోజులు కుడతారు, కుట్టనివ్వండి.

రింగులో గోనె గుడ్డ

నాలుగైదేళ్లకు 15 సెంటీమీటర్ల ఎంబ్రాయిడరీ రింగులో గోనె గుడ్డ బిగించి, నిజం సూది ఇవ్వొచ్చు. గుడ్డ అంచుకు టేపు అంటించకపోతే పోగులన్నీ ఊడొస్తాయి. ఇక్కడ దాదాపు పిల్లలందరూ చేసే పొరపాటు ఒకటుంది: సూదిని కిందికి పంపాక, అక్కడినుంచి పైకి తీయకుండా, రింగు అంచు మీదుగా చుట్టి తెచ్చి మళ్లీ పైనుంచే గుచ్చుతారు. అప్పుడు దారం రింగుకు చుట్టుకుపోతుంది. "తప్పు" అనకుండా "సూది ఇప్పుడు ఎక్కడుంది?" అని అడగండి. "కింద" అంటే "అయితే పైకి రమ్మను". ఈ రెండు మాటలే రోజంతా అనాల్సి వచ్చినా విసుక్కోవద్దు, ఒక దశలో వాళ్లే గొణుక్కోవడం మొదలుపెడతారు.

మొదటిసారి ఏం కుట్టాలని ఆలోచించక్కర్లేదు, ఎటు పడితే అటు కుట్టనివ్వండి, రంగులు మార్చమని అడుగుతారు, మార్చివ్వండి. రెండోసారి పేరులో మొదటి అక్షరం స్కెచ్ పెన్నుతో 8 సెంటీమీటర్ల ఎత్తున పెద్దగా రాసివ్వండి. మన అక్షరాలన్నీ గుండ్రం, అందుకే కుట్టు ఎక్కడ పడాలో ముందే చుక్కలు పెట్టాలి, వంపు ఉన్నచోట చుక్కలు దగ్గర దగ్గరగా. దూరంగా పెడితే సున్నా కాస్తా చతురస్రం అవుతుంది. ఇది పూర్తయ్యాక రింగుతో సహా గోడకు తగిలించొచ్చు.

ఫెల్ట్ గుడ్డతో వేలి బొమ్మలు

మా అమ్మాయి చేప దగ్గర ఆగిపోయిన తర్వాత మళ్లీ మొదలుపెట్టింది వీటితోనే. 5 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఫెల్ట్ ముక్కలు రెండు, పై భాగం గుండ్రంగా కత్తిరించండి. ముందు ముఖం కుట్టాలి, రెండు ముక్కలూ కలిపేశాక లోపలికి చేయి పట్టదు, ఈ క్రమం మరిచిపోతే కళ్లు పెట్టేటప్పుడు వెనక ముక్క కూడా కలిసిపోయి వేలు దూరదు. కళ్లకు రెండు ముడి కుట్లు (సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడులు), నోటికి ఒక పొడుగు కుట్టు చాలు. తర్వాత రెండూ కలిపి క్లిప్పులు పెట్టి, అంచుకు అర సెంటీమీటర్ లోపలగా పెన్నుతో చుక్కలు పెట్టుకుని, మూడు వైపులా రన్నింగ్ కుట్టు, అంటే సూదిని పైకీ కిందికీ పంపుతూ ముందుకు వెళ్లే మామూలు కుట్టు. అడుగు వైపు వదిలేయాలి, వేలు దూరేది అక్కడే. చెవులు, జుట్టు కావాలంటే రెండు ముక్కల మధ్య పెట్టి కలిపి కుట్టేయొచ్చు.

ఐదు బొమ్మలు కుట్టేలోగా కుట్టు దానంతటదే సమంగా వస్తుంది. మొదటిదీ ఐదోదీ పక్కపక్కన పెట్టి చూపించండి, మీరు ఏమీ అనక్కర్లేదు.

బొత్తాం కుట్టడం

ఇది ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ తప్పకుండా నేర్పాలి, ఆటలో ఊడిన బొత్తాం వాళ్లే కుట్టుకుంటే వాళ్లకు కలిగే ధీమా వేరు. 2 సెంటీమీటర్లకు పైబడిన పెద్ద బొత్తాలతో, పాత గుడ్డ మీద మొదలుపెట్టండి. రెండు పేటల దారం, ఒక్కో జంట రంధ్రాల్లోంచి మూడు నాలుగు సార్లు. బొత్తాం పైన అడ్డంగా ఒక అగ్గిపుల్ల పెట్టి దాని మీదుగా కుట్టించండి. కుట్టడం అయ్యాక పుల్ల తీసేసి బొత్తాన్ని పైకి లాగితే కింద కొంచెం వదులు దారం మిగులుతుంది, సూదిని గుడ్డకూ బొత్తానికీ మధ్యకు తెచ్చి ఆ దారం చుట్టూ నాలుగుసార్లు తిప్పి, వెనక్కి పంపి ముడి వేయాలి. ఆ కాస్త ఎత్తు లేకపోతే కాజా మందం పట్టక బొత్తాం బిగుసుకుపోతుంది, లాగగా లాగగా దారం తెగుతుంది. ఈ కారణం చెప్తే పిల్లలు అగ్గిపుల్ల ఎప్పుడూ మర్చిపోరు.

జత పోయిన సాక్సుకు బొత్తాలతో కళ్లు కుట్టి, ఊలుతో జుట్టు పెడితే చేతికి తొడుక్కునే బొమ్మ అవుతుంది. కుట్టేటప్పుడు సాక్సులోపల ఒక అట్టముక్క దూర్చి ఉంచండి, రెండు పొరలూ కలిసిపోకుండా ఉంటాయి.

నాడా సంచీ

ఏడెనిమిదేళ్లకు నిజంగా వాడుకునే వస్తువు కుట్టాలని వాళ్లకే ఉంటుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవు ఉన్న కాటన్ గుడ్డ ఒక్క ముక్క చాలు. ఇక్కడ బ్యాక్ స్టిచ్ నేర్పాలి, ఎందుకంటే రన్నింగ్ కుట్టులో కుట్టుకూ కుట్టుకూ మధ్య ఖాళీ ఉంటుంది, బరువు పడితే నోరు తెరుచుకుంటుంది. బ్యాక్ స్టిచ్‌లో సూది ఒక అడుగు వెనక్కి వేసి రెండు అడుగులు ముందుకు వస్తుంది, ఖాళీ ఉండదు.

ముందుగా పొడవు వైపు అంచుల్ని, పై చివర 5 సెంటీమీటర్లు, కింది చివర 5 సెంటీమీటర్లు, అంటే మొత్తం నాలుగు చోట్ల, 1 సెంటీమీటర్ తిరగవైపుకు మడిచి కుట్టాలి. నాడా దూరే నోటి దగ్గర పోగులు లేవకుండా ఉండేది దీనివల్లే, ఇది మానేస్తే నాడా లాగిన ప్రతిసారీ పోగులు పట్టుకొస్తాయి. తర్వాత రెండు పొట్టి అంచుల్నీ ముందు 1 సెంటీమీటర్, మళ్లీ 3 సెంటీమీటర్లు మడిచి, ఆ మడత అడుగు అంచు వెంట కుట్టాలి, ఇది నాడా నడిచే దారి. ఇప్పుడు గుడ్డ మంచివైపు లోపలికి వచ్చేలా సగానికి మడిచి, రెండు పక్కలా 1 సెంటీమీటర్ లోపలగా, నాడా దారి కింది నుంచి అడుగు దాకా బ్యాక్ స్టిచ్ వేయాలి. నాడా దారిని మాత్రం కుట్టకూడదు. పిల్లలు ఉత్సాహంలో పైదాకా కుట్టేస్తారు, అందుకే ఆగాల్సిన చోట ముందే రంగు దారంతో ఒక అడ్డకుట్టు గుర్తుగా వేసి ఉంచండి.

తిరగేస్తే 18 సెంటీమీటర్ల వెడల్పు, 21 సెంటీమీటర్ల ఎత్తు సంచీ వస్తుంది. 60 సెంటీమీటర్ల నాడాకు కొసన పిన్నీసు పెట్టి ఒక వైపు దారిలో దూర్చి, అవతలికి తీసి, రెండో వైపు దారిలోంచి వెనక్కి తెచ్చి, రెండు కొసలూ ముడి వేయాలి. ఆ పిన్నీసు గుడ్డలోపల పాకుతూ ఇటు వైపు తేలేదాకా పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. చేత్తో అయితే ఇది రెండు మూడు రోజుల పని, ఒకే పూటలో పూర్తి చేయించాలని చూడకండి. విసుగు కనిపించిన క్షణమే సూదిని సూదులు గుచ్చుకునే చిన్న దిండుకు గుచ్చేసి లేవండి, "ఇంకొక్క వైపు కుట్టేయ్, అయిపోతుంది" అని బతిమాలితే ఆ ఒక్క వైపే వాళ్లకు గుర్తుండిపోతుంది.

మిషన్ మీద పాత చొక్కా దిండు

మిషన్ ఎప్పుడు ఇవ్వాలన్నది వయసు కంటే ఓపికను బట్టి ఉంటుంది, చెప్పినప్పుడు పాదం తీసేయగలిగితే ఎనిమిదేళ్ల వాళ్లు కూడా పక్కన పెద్దవాళ్లుంటే కుట్టగలరు. మొదట దారం లేకుండా, పాత సూదితో, కాగితం మీద గీసిన గీతల వెంట కుట్టించండి. కాగితం మీద సూది మొన త్వరగా మొద్దుబారుతుంది, అందుకే గుడ్డకు వచ్చేటప్పుడు సూది మార్చాలి. కరెంటు మిషన్ అయితే వేగం తగ్గించే మీట ఉందేమో చూడండి, లేకపోతే కాలితో తొక్కే పెడల్ సందులో చిన్న స్పాంజి ముక్క పెడితే ఎంత తొక్కినా పూర్తిగా కిందికి దిగదు. గుడ్డను లాగకూడదు, తోయకూడదు, సూది కింద ఉండే మిషన్ దంతెలే లాక్కుంటాయి, చేతులు గుడ్డకు దారి చూపిస్తే చాలు. వేళ్లు సూదికి దూరంగా ఉండటానికి మిషన్ మీద రంగు టేపు అంటించి, ఆ గీత దాటి వేళ్లు రాకూడదని చెప్పండి.

మిషన్ మీద మొదటి పనిగా నాకు బాగా నచ్చింది పాత చొక్కాతో దిండు గలీబు. నాన్నదో తాతయ్యదో వాడని చొక్కా తీసుకుని, బొత్తాలన్నీ పెట్టి, లోపలివైపు బయటికి తిరగేసి పరవండి. బొత్తాల పట్టీ మధ్యకు వచ్చేలా 42 సెంటీమీటర్ల చతురస్రం గీసి, ముందు వెనక రెండు పొరలూ కలిపి కత్తిరించండి. అంచుల దగ్గర బొత్తాం పడకుండా చూసుకోండి, మిషన్ సూది బొత్తాం మీద పడితే విరుగుతుంది. చొక్కా తిరగేసి ఉంది కాబట్టి మంచివైపులు రెండూ ఇప్పటికే ఎదురెదురుగా ఉన్నాయి. నాలుగు వైపులా 1 సెంటీమీటర్ లోపలగా, 2.5 మిల్లీమీటర్ల కుట్టుతో చుట్టూ కుట్టేయాలి, మూల రాగానే సూది గుడ్డలో ఉండగానే ఆపి, గుడ్డను నొక్కి పట్టే మిషన్ పాదం ఎత్తి, గుడ్డ తిప్పి, పాదం దించి ముందుకు. ఇక బొత్తాలు విప్పి ఆ నోట్లోంచే తిరగేస్తే 40 సెంటీమీటర్ల దిండుకు సరిపోయే గలీబు తయారు. జిప్పు అక్కర్లేదు, కాజా కుట్టక్కర్లేదు, అవన్నీ ఆ చొక్కా కుట్టినవాళ్లే చేసిపెట్టారు. చొక్కాకు జేబు ఉంటే వదిలేయండి, పిల్లలు రాత్రిళ్లు అందులో ఏవేవో దాచుకుంటారు.

కుట్టడం అయ్యాక లోపలివైపు, ఎవరికీ కనిపించని మూలలో, వాళ్ల పేరులో మొదటి అక్షరం, ఆ ఏడాది అంకెలు వాళ్ల చేతే దారంతో వేయించండి. ఆ చేప తోక దగ్గర నా కుట్లు నాలుగు ఇంకా అలాగే ఉన్నాయి. మా అమ్మాయి మొన్నీమధ్య వాటి పక్కన తన అక్షరం, నా అక్షరం రెండూ కుట్టింది.